సద్దుల మర్నాడు పట్టుచీర సంగతి

సద్దుల బతుకమ్మ మర్నాడు మన బెల్లంపల్లిలో ఏ ఇంటికి పోయినా దండెం మీదనో మంచం మీదనో ఒక పట్టుచీర కనిపిస్తుంది. పొద్దుగూకేదాకా ఆడి, బతుకమ్మను నీళ్లలో వదిలి, మలీద ముద్దలు పంచుకుని, అలసిపోయి వచ్చి విప్పేసిన చీర. ఆ ఒక్కరోజు దాన్ని ఎట్ల చూసుకున్నావన్నదే దాని ఆయుష్షు చెల్లె. అందుకే ఈ ముచ్చట ఇప్పుడే చెప్తున్నా.

విప్పిన చీరను అదే రాత్రి మడిచి బీరువాలో పెట్టకు. చెమటలో ఉప్పు ఉంటుంది. మడతల్లో చిక్కుకున్న ఆ ఉప్పు, తడి కలిసి పట్టునూ జరీనీ మెల్లగా తినేస్తాయి. చంకల దగ్గర, నడుము దగ్గర చీర ముందుగా చిరిగేది అందుకే. లోపలి గదిలో దండెం మీద వేసి రాత్రంతా ఫ్యాను గాలి తగలనియ్యి. బయట మాత్రం ఆరేయకు, మన ఊరి గాలి సంగతి నీకు తెలుసు కదా.

బొగ్గు లారీలు తిరిగే తోవ పక్కన ఇల్లుంటే పొద్దున తుడిచిన గచ్చు మధ్యాహ్నానికే నల్లబడుతుంది. ఆ పొడి చీర కుచ్చిళ్ల కింద, ఫాల్ అంచున కూర్చుంటుంది. పొడిగా ఉన్నంతసేపు అది దులిపితే పోయేదే. నీళ్లు తగిలాయంటే మసి ముద్దయి నేత సందుల్లోకి దిగుతుంది, ఇక ఎంత రుద్దినా రాదు. కాబట్టి ముందు చీరను నిలువునా పట్టుకుని దులుపు. తర్వాత మెత్తటి పొడి నూలుగుడ్డతో అంచు పొడవునా పైనుంచి కిందికి తుడువు, అడ్డంగా రుద్దకు. గుడ్డ మీద నలుపు దిగడం ఆగేదాకా తుడిచి, ఆ తర్వాతే నీళ్ల గురించి ఆలోచించు. చాలాసార్లు అసలు ఆ అవసరమే రాదు.

బతుకమ్మ మరకలు రెండు. గునుగు పూలకు అద్దిన రంగు తడిచేతుల నుంచి కొంగుకు అంటుతుంది, గౌరమ్మ పసుపు కుచ్చిళ్లకు అంటుతుంది. పసుపు మరక కనబడగానే సబ్బు అందుకోకు. సబ్బులోని క్షారం తగిలితే పసుపు ఎర్రబడి ఇంకా ఎక్కువ కనిపిస్తుంది. ఆరనిచ్చి, పైపొడి దులిపి, మిగిలింది డ్రైక్లీనింగ్ వాళ్లకు చూపించి "ఇది పసుపు, ఇది పూల రంగు" అని నోటితో చెప్పు. చెప్తేనే వాళ్లు దానికి తగ్గ మందు వాడతారు.

ఇంట్లోనే ఉతకాలనుకుంటే ఒక మాట గుర్తుపెట్టుకో. పట్టు కూడా మన వెంట్రుకల్లాగే మాంసకృత్తుతో తయారైంది. తలకు పడేదే దానికీ పడుతుంది, బట్టల సోడా, డిటర్జెంట్ పొడి పడవు. కుంకుడుకాయలు గింజ తీసి రాత్రి నానబెట్టి, పొద్దున పిసికి, పల్చటి గుడ్డలో వడకట్టు. ఆ రసం చల్లనీళ్లలో కలిపి చీరను రెండు మూడు నిమిషాలు ముంచి లేపు. నానబెట్టొద్దు, పిండొద్దు. మందపాటి తువ్వాలులో చుట్టి అదిమితే నీళ్లు దిగిపోతాయి. ఆరేసేది నీడలోనే. కుంకుడు రసానికి కొంచెం రంగుంటుంది గనుక తెల్లచీరకు దాన్ని వాడకు.

అన్ని చీరలకూ ఒకటే పద్ధతి నడవదు. గద్వాల చీరలో ఒళ్లు నూలు, అంచూ కొంగూ పట్టు. వేడినీళ్లు తగిలితే నూలు ఒక తీరుగా, పట్టు ఇంకో తీరుగా ముడుచుకుని అంచు వంకర తిరుగుతుంది. పోచంపల్లి ఇక్కత్‌లో ముందు దారానికి రంగు అద్ది తర్వాత నేస్తారు. అందులో ఎరుపు తెలుపులోకి దిగితే పువ్వు పువ్వంతా చెదిరిపోతుంది. ఉతికే ముందు లోపలి మూల మీద తడిసిన తెల్లగుడ్డ అదిమి చూడు. గుడ్డకు రంగు అంటితే ఇంట్లో నీళ్ల జోలికి పోకు.

జరీ గురించి మన బొగ్గు గనుల ఆడవాళ్లకు తప్పకుండా తెలియాల్సింది ఒకటుంది. పాత మంచి జరీ వెండి తీగ, పైన బంగారు పూత. వెండికీ గంధకానికీ పడదు, కలిస్తే నల్లబడుతుంది. బొగ్గులో గంధకం ఉంటుంది. బొగ్గు గనుల కంపెనీ క్వార్టర్లలో వాకిట్లో బొగ్గు పొయ్యిలు మండిన రోజుల్లో సాయంత్రమైతే పొగ గదుల్లోకి వచ్చేది. ఆ కాలపు పెళ్లిచీరల జరీ నల్లబడిందంటే "మోసం జరీ అంటగట్టారు" అనుకునే ముందు ఆ పొగను తలుచుకో. ఇప్పుడు ఇంటింటా గ్యాసు ఉన్నా, అగరుబత్తి పొగ, సెంటు జరీకి తగలకుండా చూడు. చీర కట్టాక సెంటు కొట్టుకోవడం నాకైతే అస్సలు నచ్చదు.

దాచేటప్పుడు ప్లాస్టిక్ కవరు తీసిపారెయ్. ఉతికి మెత్తబడిన పాత ధోవతి ముక్కలో చుట్టు, గంజి లేకుండా. గంజికి పురుగులు వస్తాయి. ఇనుప హ్యాంగరు వద్దు, తుప్పు మరక వదలదు. మూణ్నెల్లకోసారి తీసి, గాలికి ఉంచి, మడత మార్చు. ఒకే మడత మీద ఏళ్ల తరబడి ఉంటే జరీ అక్కడే తెగుతుంది. బాగా ఎండిన వేపాకో, లవంగాల మూటో పెట్టుకో, కానీ వాటినే నమ్ముకోకు. శుభ్రమైన చీరను మూణ్నెల్లకోసారి విప్పి చూడటమే అసలు కాపలా.

నాఫ్తలీన్ గోళీల గురించి మాత్రం గట్టిగా చెప్తున్నా. వాటిని పట్టుకు, జరీకి తగలనీయకు. అంతకంటే ముఖ్యం, చంటిపిల్లల బట్టల దగ్గరికి రానీయకు. కొందరు పిల్లలకు పుట్టుకతోనే జీ6పీడీ అనే ఎంజైము తక్కువ ఉంటుంది. ఆ గోళీల వాసన పట్టిన బట్టల్లో పడుకోబెడితే వాళ్ల రక్తకణాలు చిట్లిపోయి, పచ్చకామెర్లు ముదిరి ప్రాణం మీదికి వస్తుంది. తొట్టెల కట్టడానికి మెత్తటి పాతచీర కోసం మనం సందూకు తెరుస్తాం కదా. ఆ చీర ఎవరింటి నుంచి వచ్చినా, ఏం వేసి దాచారో ముందు అడుగు. గోళీలని చెప్తే దాన్ని పక్కన పెట్టి, రోజూ ఉతికి కట్టే నూలుచీర తీసుకో.