పర్యవేక్షణ, మూల్యాంకన నివేదికల రచన: నల్లమల గూడేల పక్కనే ఉన్న ఉద్యోగ రంగం

నంద్యాల జిల్లాలోని సున్నిపెంట, శ్రీశైలం ఆనకట్ట నిర్మాణ కాలంలో ప్రాజెక్టు కాలనీగా ఎదిగిన ఊరు. నల్లమల చెంచుల అభివృద్ధి బాధ్యత చూసే శ్రీశైలం సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ, అంటే ఐటీడీఏ, కార్యాలయం ఇక్కడే ఉన్నందువల్ల ఇళ్లు, మంచినీరు, వైద్యం, చదువు, ఉపాధి పథకాల లెక్కలు గూడేల నుంచి ఈ ఊరికి చేరి, ఇక్కడి నుంచి పై అధికారులకు వెళ్తుంటాయి. ఆ లెక్కలను సేకరించి, సరిచూసి, వాటి అర్థాన్ని నివేదికగా రాయగలవారి అవసరం ప్రభుత్వ శాఖల్లోనూ స్వచ్ఛంద సంస్థల్లోనూ ఉన్నప్పటికీ, నంద్యాల, ఆళ్లగడ్డ కళాశాలల విద్యార్థుల్లో దీనిని ఒక వృత్తిగా ఎంచుకునేవారు అరుదు.

పథకం నడుస్తున్నంత కాలం పనులు అనుకున్న తీరున, అనుకున్న గడువులో సాగుతున్నాయో లేదో ఎప్పటికప్పుడు చూడడం పర్యవేక్షణ. కొంత కాలం గడిచాక ఆ పథకం వల్ల మనుషుల బతుకులో ఏం మారిందో, ఎందుకు మారిందో, మారకపోతే కారణమేమిటో తేల్చడం మూల్యాంకనం. మన దేశంలో ప్రణాళికా పథకాల మూల్యాంకనానికి 1952లోనే ప్రత్యేక సంస్థ ఏర్పడగా, 2015 నుంచి ఆ బాధ్యతను నీతి ఆయోగ్‌లోని అభివృద్ధి పర్యవేక్షణ, మూల్యాంకన కార్యాలయం నిర్వహిస్తున్నది.

నివేదిక రాయడం నేర్చుకునేవారు ముందుగా పట్టుకోవలసిన తేడా, జరిగిన పనికీ కలిగిన ఫలితానికీ మధ్య ఉన్నది. ఈ రంగంలో మొదటిదాన్ని అవుట్‌పుట్ అనీ, రెండోదాన్ని అవుట్‌కమ్ అనీ అంటారు. చెంచుల వంటి 75 ఆదిమ గిరిజన సమూహాల కోసం 2023 నవంబర్ 15న కేంద్రం ప్రారంభించిన పీఎం జన్‌మన్ పథకంలో ఇళ్లు, రోడ్లు, కుళాయి నీరు, సంచార వైద్యశాలలు, అంగన్‌వాడీలు వంటివి ఉన్నాయి. ఇలాంటి పథకం కింద ఒక గూడెంలో నీటి ట్యాంకు కట్టారనుకుంటే, ‘మంచినీటి పని నూరు శాతం పూర్తయింది’ అని రాసిన వాక్యం అబద్ధం కాకపోయినా, దానితో ఏ అధికారీ ఏ నిర్ణయమూ తీసుకోలేడు. అదే చోట ‘ట్యాంకు కట్టి పైపులు వేశారు; పరిశీలించిన రోజున 22 కుళాయిల్లో 13 కుళాయిలకే నీరు వచ్చింది; చివరి వరుస ఇళ్లవారు ఇప్పటికీ వాగులో చెలమ తీసి ఆ నీరే తాగుతున్నారు; మోటారు చెడితే ఎవరికి చెప్పాలో గూడెంలో ఎవరికీ తెలియదు’ అని రాస్తే, ఎక్కడ ఏ లోపం ఉందో, ఎవరు ఏం చేయాలో వెంటనే తెలుస్తుంది. ఇందులోని అంకెలు ఊహించినవే అయినా, మంచి నివేదికలోని వాక్యం ఎలా ఉండాలో ఇది చూపుతుంది.

లెక్క ఎప్పుడు తీశారన్నది కూడా లెక్కంత ముఖ్యమైనదే. పథకం మొదలు కాకముందు ఉన్న స్థితిని నమోదు చేయడాన్ని బేస్‌లైన్ అంటారు. అది వేసవిలోనూ, తుది సర్వే వానాకాలంలోనూ జరిగితే వచ్చిన తేడా పథకానిదో రుతువుదో చెప్పడం సాధ్యం కాదు. తేనె, ఇతర అటవీ ఫలసాయం సేకరించే రోజుల్లో కొన్ని కుటుంబాలు అడవిలోనే ఉండిపోతాయి కాబట్టి, అప్పుడు గూడేనికి వెళ్లిన సర్వేయరుకు తాళం వేసిన ఇళ్లు కనిపిస్తాయి; వాటిని వదిలేసి రాసిన నివేదికలో, అడవి మీద ఎక్కువగా ఆధారపడినవారే లేకుండా పోతారు. ఇక 20 కుటుంబాల గూడెంలో ఒక్క కుటుంబమంటే 5 శాతం కనుక, చిన్న గూడేల విషయంలో శాతాలకు బదులు ‘20లో 19’ అని రాయడమే నిజాయితీ. ప్రశ్న అడిగే తీరులోనూ ఇంతే జాగ్రత్త కావాలి: ‘వైద్యం అందుతున్నదా’ అంటే ఎవరైనా మొహమాటానికి అవుననే అంటారు, ‘ఆరోగ్య కార్యకర్త (ఏఎన్‌ఎం) చివరిసారి ఎప్పుడు వచ్చింది’ అంటే నిజం బయటపడుతుంది.

మార్పు పథకం వల్లనే వచ్చిందని చెప్పాలంటే, పథకం అందని, అలాంటిదే మరో ప్రాంతంతో పోల్చాలి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ కూలీని, పింఛన్లను స్మార్ట్‌కార్డుల ద్వారా చెల్లించినప్పుడు, ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖ్తంకర్ కర్నూలు సహా 8 జిల్లాల్లో, ఏ మండలానికి ముందుగా కార్డులు అందాలో లాటరీ పద్ధతిన నిర్ణయించే ఏర్పాటుతో అధ్యయనం చేసి, చెల్లింపుల్లో ఆలస్యమూ నిధుల దుర్వినియోగమూ తగ్గాయని 2016లో ప్రచురించారు. అంత పెద్ద అధ్యయనం అందరికీ సాధ్యం కాకపోయినా, పక్క గూడెంతో పోల్చి చూసే అలవాటు ప్రతి నివేదికకూ బలమిస్తుంది.

సరిచూడడంలో తెలుగు నేలకు గట్టి అనుభవమే ఉంది. ఉపాధి హామీ పనులపై ఆంధ్రప్రదేశ్‌లో 2006లో మొదలైన సామాజిక తనిఖీలో, రికార్డుల్లోని హాజరును, చెల్లింపులను ఇంటింటికీ తిరిగి కూలీలు చెప్పినదానితో పోల్చి, తేడాలను మండల స్థాయి ప్రజావేదికలో అందరి ఎదుట చదివి వినిపించారు. ఎవరి గురించి రాశారో వారి ముందే చదవగలిగిన నివేదిక కంటే నమ్మదగినది మరొకటి ఉండదు. పథకం విఫలమైన చోట ఆ మాట దాచకుండా, ఆధారాలతో, వ్యక్తులను నిందించకుండా రాయడం ఈ వృత్తిలో అన్నిటికంటే కష్టమైన పని. ఆ ఒక్కటీ లోపిస్తే మిగతా నైపుణ్యాలన్నీ వృథా.

డిగ్రీ తరువాత సోషల్ వర్క్, గ్రామీణాభివృద్ధి, అర్థశాస్త్రం, గణాంకశాస్త్రాల్లో పీజీ చేసినవారికి ఈ రంగం అనువైనది. హైదరాబాద్‌లోని జాతీయ గ్రామీణాభివృద్ధి, పంచాయతీరాజ్ సంస్థ, టాటా సామాజిక శాస్త్రాల సంస్థ ప్రాంగణం ఇందుకు దగ్గరి చదువులను అందిస్తున్నాయి. ఫీల్డ్ ఇన్వెస్టిగేటర్‌గా, ఎంఐఎస్ కోఆర్డినేటర్‌గా చేరి పర్యవేక్షణ, మూల్యాంకన (ఎం అండ్ ఈ) ఆఫీసర్ స్థాయికి ఎదగవచ్చు. ఎక్సెల్‌తో పాటు మొబైల్‌లో సర్వే చేసే కోబో టూల్‌బాక్స్ నేర్చుకుంటే ప్రారంభానికి చాలు. ఉద్యోగ ప్రకటన కోసం ఎదురుచూడకుండా, సొంత ఊరి అంగన్‌వాడీ లేదా మంచినీటి పథకాన్ని ఎంచుకుని, అక్కడివారి అనుమతితో పరిశీలించి, రెండు పేజీల నివేదిక రాసి ఇంటర్వ్యూకు తీసుకువెళ్లే పని ఈ సెలవుల్లోనే మొదలుపెట్టాలి.