దవడల పొందిక: ఒక్క కొలత చాలునా?

ఎత్తుపళ్ళతో వచ్చిన బాలుని చూచినప్పుడు దంతవైద్యుడు ముందుగా తేల్చుకోవలసిన విషయం ఒకటున్నది. పై పళ్ళు మాత్రమే ముందుకు వంగినవా? లేక పై దవడ ముందుకు పెరిగినదా, కింది దవడ వెనుకబడినదా? దోషం పళ్ళదైతే తీగ కట్టి సవరించవచ్చును. దవడలదైతే ఎదిగే వయసులోనే ఆ పెరుగుదలను మలచవలెను. ఆ వయసు దాటితే, తీవ్రమైన సందర్భాలలో శస్త్రచికిత్స అవసరం కావచ్చును. కావున కొలతలోని పొరపాటు చికిత్సలో పొరపాటుగా పరిణమిస్తుంది.

1931లో అమెరికాలో బ్రాడ్‌బెంట్, జర్మనీలో హోఫ్రాత్ తలను కదలకుండా నిలిపి ప్రక్కనుండి ఎక్స్‌రే తీసే ప్రామాణిక పద్ధతిని ప్రకటించారు. ఆ చిత్రంలో పై దవడ ముందుభాగపు ఎముక లోపలికి ఒంగిన చోటు 'ఎ' బిందువు. కింది దవడలో అటువంటిదే 'బి' బిందువు. నుదుటి ఎముక, ముక్కు ఎముక కలిసే చోటు 'నేసియన్'. నేసియన్ నుండి ఎ, బి లకు గీసిన రేఖల నడిమి కోణమే ఎ.ఎన్.బి. రీడెల్ 1952లో దీనిని వివరించగా, స్టైనర్ 1953లో ప్రచారంలోకి తెచ్చాడు. సుమారు 2 డిగ్రీలు సామాన్యం. ఎక్కువైతే కింది దవడ వెనుకనున్నట్లు, సున్నకు దిగువైతే ముందున్నట్లు భావిస్తారు.

అయితే ఇద్దరి మధ్య ఎడమును మూడవవాడు తానున్న చోటినుండి అంచనా కట్టినట్లున్నది ఈ పద్ధతి. ఆ మూడవవాడు జరిగితే అంచనా మారుతుంది. నేసియన్ ముందుకున్న ముఖంలో, దవడలు యథాస్థానంలోనే ఉన్నా కోణం తగ్గుతుంది.

ఈ లోపాన్ని గమనించి జాకబ్‌సన్ 1975లో 'విట్స్' పద్ధతిని ప్రతిపాదించాడు. దక్షిణాఫ్రికాలోని విట్‌వాటర్స్‌రాండ్ విశ్వవిద్యాలయం పేరునకు ఇది సంక్షేపం. నమిలే పళ్ళు కలిసే రేఖపైకి ఎ, బి లనుండి లంబాలు దించి, వాటి నడిమి దూరాన్ని మిల్లీమీటర్లలో కొలుస్తారు. సామాన్యంగా స్త్రీలలో రెండు లంబాలు ఒకే చోట పడతాయి. పురుషులలో బి లంబం సుమారు 1 మి.మీ. ముందుంటుంది. ఇందులో నేసియన్ ప్రమేయం లేదు. కాని పళ్ళ రేఖ వాలితే కొలత మారుతుంది; చికిత్సయే ఆ రేఖను మార్చవచ్చును.

2004లో వచ్చిన బీటా కోణం ఈ రెంటినీ విడిచి, కింది దవడ కీలుతల మధ్యబిందువును ఆశ్రయించింది. 27 నుండి 35 డిగ్రీలు సామాన్యం. అయితే ఆ కీలుతల ఎక్స్‌రేలో స్పష్టంగా కనబడకపోవుట కద్దు.

ఒక బాలునికి ఎ.ఎన్.బి. 6 డిగ్రీలు, విట్స్ సున్న వచ్చినదనుకొందాం. అనుకూలమైన అంకెను ఎన్నుకొనుట శాస్త్రం కాదు. నేసియన్ వెనుకబడినదా, దవడలు తిరిగియున్నవా, పళ్ళ రేఖ వాలినదా అని విచారించవలెను. కొలతల వైరుధ్యమే మనకు మార్గదర్శి. విద్యార్థులు మరువరానిది ఒక్కటే: కొలిచే ముందు కొలబద్ద నిలిచిన చోటును పరీక్షించవలెను.