అడుగు ఎంత అని అడిగేముందు

బేరమాడటం మనవాళ్ళకు ఎవరూ నేర్పక్కర్లేదు. తీరాన ఉన్న పాకల ఊరి నుంచి చేపల బుట్ట వీధిలోకి వచ్చిందంటే, చెప్పిన ధరలో సగం దగ్గర మొదలుపెట్టి ముప్పావు దగ్గర తెగ్గొట్టేవాళ్ళు ఇంటికొకరుంటారు. ఆ మనిషే ఇంటి ముందు కాంక్రీటు వేయించాల్సి వస్తే మేస్త్రిని ఒక్కటే అడుగుతాడు: "అడుగు ఎంత?" చెప్పిన అంకెలో ఐదో పదో తగ్గించి, గెలిచాననుకుని లోపలికి పోతాడు. ధర తగ్గించమనడం వేరు, ఆ ధరకు ఏమొస్తుందో అడగడం వేరు. మొదటిదానికి నోరుంటే చాలు. రెండోదానికి మనకేం కావాలో ముందు మనకు తెలిసుండాలి. అడిగితే ఏమనుకుంటారోనన్న మొహమాటాన్ని కాసేపు పక్కన పెట్టగలగాలి.

ప్రకాశం జిల్లా సింగరాయకొండ లాంటి ఊళ్ళలో ఈ పని ఎప్పుడో ఒకప్పుడు మీద పడుతుంది. కారణం రోడ్డు. సిమెంటు రోడ్డు మళ్ళీ వేసేటప్పుడు చాలాచోట్ల పాతదాన్ని తవ్వి తీయరు, దానిమీదే ఇంకో పొర పోస్తారు. 2024 అక్టోబరులో 'పల్లె పండుగ' పేరుతో రాష్ట్రమంతా ఊరి వీధుల్లో సీసీ రోడ్ల పనులు మొదలయ్యాయి. రోడ్డు బాగుపడింది, సంతోషమే. కానీ ఒకప్పుడు వీధికన్నా మెట్టున కట్టుకున్న ఇల్లు పొర మీద పొర పడేసరికి పల్లంలోకి దిగిపోతుంది. కార్తీకంలో ముసురు పట్టిందంటే వీధి నీళ్ళన్నీ గేటు కిందుగా వరండా మెట్ల దాకా వస్తాయి. ఇక ఇంటి ముందు గచ్చు పగలగొట్టి, ఎత్తు లేపి, కొత్తగా పోయించక తప్పదు.

నాకు తెలిసిన ఒక మాస్టారి ఇల్లు అలాంటిదే. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఘనపరిమాణాల లెక్కలు బోర్డు మీద చేయించినాయన. గేటు నుంచి వరండా దాకా ముప్పై అడుగులు, వెడల్పు ఇరవై. ముగ్గురు మేస్త్రీలను పిలిచి చూపించారు. మొదటాయన గచ్చంతా ఒకసారి కలియజూసి, "మొత్తం గుత్తకు యాభై వేలు ఇప్పించండి మాస్టారూ, మీరు దేనికీ చూసుకోనక్కర్లేదు" అన్నాడు. రెండోవాడు సామానుతో కలిపి అడుగు అరవై అన్నాడు. మూడో ఆయన కూలి మాత్రమే అడుగు పద్దెనిమిది, సామాను మీరే తోలించుకోవాలన్నాడు. లెక్కల మాస్టారు మూడు అంకెలూ కాగితం మీద వేసుకుని, అరవై కింద గీత గీసి, అదే చవక అని ఇంట్లో చెప్పారు!

ఆ మూడూ మూడు వేరువేరు పనుల ధరలని ఆయనకు మర్నాటిదాకా తట్టలేదు. యాభై వేలలో పాత గచ్చు పగలగొట్టి చెత్త ఎత్తిపోయడం కూడా ఉంది. అరవైలో అది లేదు. పైగా అరవై అన్నవాడి మనసులో ఉన్నది మూడంగుళాల మందం, గుత్త మేస్త్రి మనసులో ఉన్నది నాలుగు. ఆరువందల చదరపుటడుగుల మీద నాలుగంగుళాలు పోస్తే రెండువందల ఘనపుటడుగులు, అంటే రెండు యూనిట్ల కాంక్రీటు. మూడంగుళాలైతే యూనిట్టున్నర. నాలుగో వంతు సరుకు మాయమైనా పైకి చూస్తే రెండూ ఒకలాగే నున్నగా ఉంటాయి, కారెక్కేదాకా. పాళ్ళ సంగతీ అంతే. అదే రెండు యూనిట్లకు ఒకటికి రెండు, నాలుగు పాళ్ళలో కలిపితే సుమారు 36 బస్తాల సిమెంటు పడుతుంది. ఒకటికి ఒకటిన్నర, మూడు చొప్పున కలిపితే 45 దాకా పోతుంది. తొమ్మిది బస్తాల తేడా "అడుగు ఎంత?" అన్న ప్రశ్నకు ఎక్కడా దొరకదు.

ఇందులో తమాషా ఏమిటంటే, ఇలా అడగడం ఈ ప్రాంతానికి కొత్త కాదు. టంగుటూరులోనో కందుకూరులోనో పొగాకు వేలం కేంద్రానికి వెళ్ళి చూడండి. బేలు తూకం ఎంతో, గ్రేడు ఏమిటో తేలకుండా ఎవరూ ధర పలకరు. ఏ గ్రేడుకు ఏ ధర పలికిందో రైతు నాలుకమీద ఉంటుంది. అమ్మేటప్పుడు ఇంత నిక్కచ్చిగా ఉండే మనిషి, కొనేటప్పుడు గ్రేడు అడగకుండా ధర అడుగుతాడు.

మాస్టారు మళ్ళీ ఒక తెల్లకాగితం తీశారు. ఈసారి ధర కాదు, పని రాశారు. పాత గచ్చు పగలగొట్టి చెత్త ఎత్తిపోయాలి. కింద గ్రావెల్ పోసి, తడిపి, దిమ్మిసతో గట్టిపరచాలి. ఈ జిల్లాలో సముద్రం వైపు ఇసుక నేల, పడమటికి పోయేకొద్దీ చాలాచోట్ల రేగడి. తడిస్తే ఉబ్బి, ఎండితే పగుళ్ళిచ్చే ఆ రేగడి మీద అడుగుపొర సరిగా లేకపోతే పైన ఎంత మంచి కాంక్రీటు పోసినా బీట తీస్తుంది. మందం నాలుగంగుళాలు, పాళ్ళు ఇవి. సముద్రం దగ్గరి ఊళ్ళలో కొన్ని బోర్లకు ఉప్పు తగులుతుంది కాబట్టి కలపడానికి నీళ్ళు ఎక్కడివో కూడా రాశారు. పోశాక మడులు కట్టి నీళ్ళు నిలిపేది ఎవరో రాశారు. దీనిమీద మేస్త్రికీ ఇంటాయనకూ జరిగినన్ని పోట్లాటలు డబ్బు మీద కూడా జరగవు. కాంక్రీటు పనులకు మన దేశంలో పాటించే ఐఎస్ 456 ప్రమాణం ప్రకారం మామూలు ఓపీసీ సిమెంటుకు కనీసం ఏడు రోజులు, ఇప్పుడు అందరూ వాడే పీపీసీకి కనీసం పది రోజులు తడి ఆరకూడదు. ఎండలు మండుతుంటే ఇంకా ఎక్కువే. రెండు రోజులు తడిపి వదిలేసిన గచ్చుకు ఏ బ్రాండు సిమెంటు వాడితే ఏం లాభం? పేవర్ బ్లాకులు వేయించేవాళ్ళకూ ఇదే వరస. కారు తిరిగే చోట 60 మిల్లీమీటర్ల మందం తగ్గకూడదని రాసుకోవాలి, లేకపోతే నడకదారికి వేసే సన్నవి తెచ్చి పరిచేస్తారు.

ఆ కాగితం జిరాక్సులు తీసి ముగ్గురి చేతా మళ్ళీ ధర చెప్పించారు. అరవై అన్నవాడు డెబ్బై ఎనిమిదికి ఎక్కాడు, పగలగొట్టడం అదనం. గుత్త మేస్త్రి యాభై వేల మీదే నిలబడ్డాడు. కూలికి చేస్తానన్నాయన కాగితం చూసి, "ఇంతకీ నీళ్ళు ఎటు పోవాలి మాస్టారూ?" అన్నాడు. కాగితంలో లేని ప్రశ్న అది. మామూలుగా పది అడుగులకు రెండంగుళాల చొప్పున వీధి వైపు వాటం ఇస్తారు. అలా చేస్తే ముప్పై అడుగులకు ఆరంగుళాలు పోగా, గేటు దగ్గర రోడ్డుకన్నా పైకి రావాలంటే వరండా మెట్టు ఒకటి మునగాలి. ఆయన లెవెల్ ట్యూబు పట్టి చూపించాక తేలింది, వాటం పక్కగోడ వైపు ఇచ్చి మూల ఇంకుడు గుంతలోకి మళ్ళించడమే దారి అని. సామాను మాస్టారే తోలించుకోవాల్సి వచ్చింది, కానీ పని ఆయనకే ఇచ్చారు. ఇవాళ ఒప్పుకుంటే రేపు దిగుతానన్నవాళ్ళకన్నా, మనల్ని తిరిగి ప్రశ్న అడిగిన మనిషి మీద నాకూ గురి ఎక్కువ.

చవక ధరను అనుమానించడం తప్పని చాలామంది అనుకుంటారు. ప్రభుత్వమే అనుమానిస్తుంది. 2003లో నీటిపారుదల శాఖ ఇచ్చిన 94వ నంబరు జీవోలో, అంచనాకన్నా 25 శాతానికి మించి తక్కువకు టెండరు వేసిన కాంట్రాక్టరు ఆ తేడాకు అదనపు పూచీకత్తు కట్టాలని పెట్టారు. మనం బ్యాంకు గ్యారంటీ అడగలేం. డబ్బు ఇచ్చే వరస మాత్రం మన చేతిలో ఉంటుంది: సామాను దిగాక కొంత, పోత అయ్యాక కొంత, మడుల్లో నీళ్ళు తీసేశాక మిగతాది. కొటేషను మీద తేదీ వేయించుకోవడమూ మరవకూడదు. 2025 సెప్టెంబరు 22న సిమెంటు మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి దిగింది. అంతకుముందు చెప్పిన ధరకే ఆ తర్వాత కూడా ఒప్పుకోవడం ఔదార్యం తప్ప ఇంకేం కాదు.

అసలు ఇబ్బంది బావమరిది పంపిన మేస్త్రితో వస్తుంది. అతన్ని ఏమీ అడగలేం, కాగితం ఇస్తే నమ్మలేదా అంటాడు. పని చెడితే మేస్త్రితో పాటు బావమరిదితోనూ మాటలు పోతాయి. మాస్టారి గుత్త మేస్త్రి అలా వచ్చినవాడే. ముగ్గురికీ ఒకే కాగితం ఇచ్చారు కాబట్టి అతనికి ముఖం చిన్నబోలేదు. పని వేరేవాళ్ళకు ఇచ్చిన సాయంత్రం మాస్టారు మిగిలిన ఇద్దరికీ ఫోను చేసి, ఎవరికిచ్చిందీ ఎందుకిచ్చిందీ రెండు మాటల్లో చెప్పారు. ఆ ఫోను చేయలేక, మేస్త్రి కనపడితే సందు మారి పోయేవాళ్ళు మన ఊళ్ళలో ఎందరో. గుత్త మేస్త్రి విని, "ఇంకుడు గుంత నాకు తట్టలేదు మాస్టారూ" అని, దొడ్డివైపు ప్రహరీ పని ఎప్పుడు పెట్టుకుంటారని అడిగాడు.