విమానం ఇంజనుకు కొలిమి తిత్తి

 

పోయిన సంచికలో నేనొక తప్పు రాసినాను. "పైన గాలి చల్లగా ఉంటాది కాబట్టి విమానం ఇంజనుకు బలం పెరుగుతాది" అన్నాను. అది చదివి తొమ్మిదో తరగతి తమ్ముడొకడు, "అన్నా, పైన గాలి పలచగా ఉంటాదని మన సైన్సు పుస్తకంలోనే ఉంది కదా, మరి పెట్రోలు దేంతో మండుతాది?" అని అడిగినాడు. అందరి ముందర నాకు నోరు పెగల్లేదు. అందుకే చదివి, సార్‌ని అడిగి మళ్ళీ రాస్తున్నాను.

సిలిండరులోకి గాలి ఎంత పోతే అంతకు తగిన పెట్రోలే మండుతుంది. చలికి గాలి కొంచెం చిక్కబడే మాట నిజమే గానీ, సుమారు 5,500 మీటర్ల ఎత్తున గాలి పీడనం నేలమీద ఉన్నదాంట్లో సగమే. మామూలు ఇంజను అక్కడ దాదాపు సగం బలం పోగొట్టుకుంటుంది. యుద్ధంలో పైనున్నవాడిదే పైచేయి కదా, మరి ఎట్లా?

ఊళ్ళో కమ్మరి కొలిమి చూసినారు కదా. తిత్తి ఊదకపోతే నిప్పులు నివురు కప్పుకుంటాయి, ఊదితే ఇనుము ఎర్రగా కాగుతుంది. ఇంజనుకు ఆ తిత్తి పేరే సూపర్‌ఛార్జర్. ఒక రెక్కల చక్రం గాలిని ఒత్తి సిలిండర్లలోకి తోస్తుంది.

దీనికి మన హైదరాబాదు పేరుతోనే ఉదాహరణ ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో నిజాం ఇచ్చిన డబ్బువల్ల బ్రిటిష్ వైమానిక దళంలో 152వ దళానికి హైదరాబాదు పేరు పెట్టినారు. (పేరే మనది, పైలట్లు ఎక్కువమంది అటువాళ్ళే!) 1940లో వాళ్ళు ఇంగ్లండులో స్పిట్‌ఫైర్ విమానాల మీద పోరాడినారు. దాని మెర్లిన్ ఇంజనుకు 12 సిలిండర్లు, 27 లీటర్లు, వెయ్యికి పైగా గుర్రాల బలం. ఇంజను నిమిషానికి 3,000 సార్లు తిరిగితే పళ్ళచక్రాల వల్ల ఆ రెక్కల చక్రం 25,000 సార్లకు పైనే తిరిగేది! దాన్ని తిప్పే బలం ఇంజనే ఇచ్చుకోవాల. అయినా సుమారు 5,000 మీటర్లు దాటితే దానికీ ఆయాసమే.

ఇంకా గట్టిగా ఊదొచ్చు కదా అంటారేమో. అక్కడే ఉంది చిక్కు. సైకిలుకు గాలి కొట్టేటప్పుడు పంపు అడుగుభాగం పట్టుకోండి, చెయ్యి చురుక్కుమంటాది. గాలిని ఒత్తితే వేడెక్కుతుంది. మరీ వేడెక్కిన గాలి సిలిండరులోకి పోతే పెట్రోలు సక్రమంగా మండక, టపటపా పేలి పిస్టన్నే పాడుచేస్తుంది. దీన్నే మెకానిక్కులు నాకింగ్ అంటారు. పేలకుండా ఓర్చుకునే 100 ఆక్టేన్ పెట్రోలు 1940లో అందుకే అంత పనికొచ్చింది.

తర్వాత జర్మనీవాళ్ళ ఫోకే వుల్ఫ్ 190 విమానం వచ్చి అప్పటి స్పిట్‌ఫైర్లను వెనక్కు నెట్టేసింది. ప్రాణాల మీదికొచ్చింది. 1942లో మెర్లిన్ 61 వచ్చింది. ఇంజను అదే 27 లీటర్లు. మారిందల్లా తిత్తే! ఒకదాని వెనక ఒకటి రెండు చక్రాలు, కింద ఒక వేగం పైన ఒక వేగం తిరిగేటట్టు గేర్లు, ఒత్తిన గాలిని చల్లార్చే ఇంటర్‌కూలర్. బలం 1,500 దాటింది. 1944లో బర్మాలో మన పేరున్న 152వ దళం నడిపిన ఎనిమిదో రకం స్పిట్‌ఫైర్లలోనూ ఇట్లాంటి మెర్లినే.

లారీల మీద టర్బో అని రాసి ఉంటాది చూడండి, అదీ ఇదే జాతి. తేడా ఏమంటే దాని చక్రాన్ని ఇంజను పళ్ళచక్రం కాదు, బయటికి పోయే పొగ తిప్పుతుంది.

తమ్ముడూ, ఇప్పుడు లెక్క సరిపోయిందా? ఇంకా అనుమానముంటే సైకిలు పంపు తీసుకొని రా, ఇద్దరం కొట్టి చూద్దాం.