అది రిటర్న్ బండి, అమ్మలూ

చిరంజీవి అమ్మలుకి,

ఫ్రీమాంట్ నుంచి దొడ్డమ్మ ఆశీస్సులు.

అమ్మానాన్నలు ఇక్కడికి వచ్చినప్పుడు తీసుకెళ్దామని వాట్సాప్‌లో నువ్వు పంపిన ఓడ ప్రకటన చూశాను. మే మొదటి వారంలో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఎక్కి వాంకూవర్‌లో దిగడం, దారిలో రెండు ఊళ్ళు, రేటు చూస్తే హోటల్ గది కంటే చవక. "ఇందులో ఏదైనా మోసముందా దొడ్డమ్మా?" అని అడిగావు. మోసమేమీ లేదు. కాకపోతే అది ఏ సరుకో తెలుసుకుని కొనాలి.

పోయినసారి మీ నాన్నగారు కాకినాడ నుంచి క్యాబ్ మాట్లాడి నన్ను హైదరాబాద్ ఎయిర్‌పోర్టులో దింపించారు కదా. ఆ డ్రైవరు ఎలాగూ వెనక్కి పోవాల్సినవాడే కనుక, దారిలో సగం రేటుకి ఎవరు దొరికినా ఎక్కించుకుంటాడు. ఇదీ అలాంటి రిటర్న్ బండే. చలికాలమంతా మెక్సికో వైపు తిరిగిన ఓడలు ఏప్రిల్ చివర, మే మొదట్లో అలాస్కా సీజనుకి ఉత్తరానికి కదులుతాయి. సెప్టెంబరు, అక్టోబరుల్లో మళ్ళీ కిందికి దిగుతాయి. ఖాళీగా పోయినా డీజిలు ఎలాగూ కాలుతుంది, అందుకని టిక్కెట్లు అమ్ముతారు. ఓడ తన పనికి తను పోతోంది, మనం ఎక్కి కూర్చున్నాం, అంతే. ఈ ముక్క మనసులో ఉంటే దేనికీ చిన్నబోవు.

ఎందుకంటే మీ అమ్మ ఊహలో క్రూజ్ అంటే సినిమా పాట. ఎండ, ఈతకొలను, తెల్ల టోపీ. ఈ దారిలో అవేవీ ఉండవు. వసంతంలో ఇక్కడ వాయవ్యం నుంచి గాలి తీరం వెంబడే కొడుతుంది. అది పైనున్న నీటిని సముద్రంలోకి నెట్టేస్తుంటే అడుగునున్న చన్నీళ్ళు పైకొస్తాయి. మే నెలలో కూడా ఆ నీళ్ళు 10, 12 డిగ్రీలే. ఓడ ఆ గాలికి ఎదురు పోవాలి. డెక్కు మీద చీరకుచ్చెళ్ళు పట్టుకోవడానికే రెండు చేతులూ చాలవు. మేం మొదటిసారి వెళ్ళినప్పుడు కొలను చుట్టూ ఉన్న కుర్చీలన్నీ తాళ్ళతో కట్టేసి ఉన్నాయి. మీ పెదనాన్నగారు అద్దం వెనకాల నుంచుని వాటినే చూస్తూ కాఫీ తాగారు.

కెరటాల సంగతి కూడా చెప్పేస్తాను. గోల్డెన్ గేట్ కింద నుంచి ఓడ వెళ్ళడం మాత్రం వదులుకోకూడని దృశ్యం. 1937లో కట్టిన ఆ వంతెన నీటికి 67 మీటర్ల ఎత్తున ఉంటుంది. అయినా పై డెక్కు మీద నిలబడి చూస్తే పొగగొట్టం తగిలేస్తుందేమోనని అందరూ మెడలు వంచుకుంటారు, నేనూ వంచాను. అది దాటి అరగంట కాకుండానే పొడవాటి అలలు మొదలయ్యాయి. మీ పెదనాన్నగారు పులిహోర లాంటిదేదో తిని ఉన్నారు, ఆ రాత్రంతా స్నానాలగదిలోనే గడిపారు. అందుకే గది కొనేటప్పుడు కింది అంతస్తులో, ఓడ నడిమధ్యన ఉన్నది తీసుకో. ఊయల మధ్యలో కూర్చున్నవాడికి ఊపు తక్కువ కదా. పై అంతస్తు బాల్కనీ గదికి డబ్బులు పోయకు. ఉత్తరానికి పోయేటప్పుడు తీరం కుడివైపు ఉండే మాట నిజమే, కానీ ఓడలు చాలా దూరం నుంచి పోతాయి, కనిపించేది నీళ్ళే. అదృష్టముంటే ఆ నెలల్లో తిమింగలాలు కూడా పిల్లలతో ఉత్తరానికే పోతుంటాయి, వాటి ఊపిరి తుంపర కనపడొచ్చు. మీ నాన్నగారికి బీపీ ఉంది కనుక వాంతుల మాత్ర డాక్టర్ని అడక్కుండా ఇవ్వకు, అది వేసుకుంటే మత్తుగా ఉంటుంది. అల్లం మురబ్బా కాకినాడ నుంచే తెమ్మను.

ఇంకోటి, ప్రకటనలో ఉన్న ఊళ్ళన్నీ చూస్తామని నమ్మకం పెట్టుకోకు. ఆ మొదటిసారే మాకు ఆస్టోరియా తప్పిపోయింది. ఆ ఊరికి పోవాలంటే కొలంబియా నదిలోకి రావాలి, ఆ నది సముద్రంలో కలిసేచోట ఇసుకమేటల మీద కెరటాలు విరుచుకుపడతాయి. అక్కడ 2,000 దాకా పడవలూ ఓడలూ మునిగాయని చెబుతారు. ఆ చోటు దాటించడానికి ప్రత్యేకంగా పైలట్లుంటారు, పడవ మీదో హెలికాప్టర్‌లోనో వచ్చి ఓడెక్కుతారు. ఆ రోజు గాలి బాగోలేదని కెప్టెన్ మైకులో చెప్పేసి ముందుకి పోనిచ్చాడు. రేవు పన్ను మాత్రం తిరిగిచ్చారు, ఇంకేమీ రాదు. అంతర్వేది దగ్గర గోదారి అంత నెమ్మదిగా సముద్రంలో కలుస్తుందే, ఈ నది మాత్రం దెబ్బలాడి కలుస్తుంది.

తరవాత ఒక సెప్టెంబరులో పై నుంచి కిందికి వచ్చినప్పుడు ఆ ఊరు చూశాం. కొండ మీద 1926లో కట్టిన స్తంభం, లోపల 164 మెట్లు. పిల్లలు పైకెక్కి తేలిక చెక్కతో చేసిన చిన్న విమానాలు విసురుతారు. ఒకటి గిరికీలు కొట్టుకుంటూ వచ్చి నా భుజం మీద వాలింది. నేను మెట్లెక్కలేదు, మోకాళ్ళ సంగతి నీకు తెలుసు. ఆ ప్రయాణంలో గాలి వెనకనుంచి తోసింది, పెదనాన్నగారు మూడు పూటలా తిన్నారు.

తిండికి భయం లేదు. శాకాహారమని టిక్కెట్ కొన్నప్పుడే రాయించు, ఎక్కిన రాత్రే వడ్డించేవాళ్ళ పెద్దతో మాట్లాడు. రేపటికి పప్పూ అన్నం అంటే చాలామటుకు చేసిపెడతారు. మీ అమ్మ సంచీలో ఎలక్ట్రిక్ కుక్కర్ దూరుస్తుంది, తీయించెయ్, ఓడలో వేడిచేసే వస్తువులు పట్టుకుంటారు. సీలు తీయని ఆవకాయ సీసాకి నన్నెవరూ ఏమీ అనలేదు. టిక్కెట్ ధర మీద తలకి రోజుకి ఇంతని టిప్పులు వేస్తారు, అది కలుపుకుని లెక్క చూడు.

ఇక అసలు చిక్కు కాగితాలది. ఓడ మనల్ని సియాటిల్‌లో దింపెయ్యకుండా వాంకూవర్ దాకా ఎందుకు పోతుందో తెలుసా? 1886 నాటి అమెరికా చట్టం ఒకటుంది. పరాయి జెండా ఓడ అమెరికా రేవులో ఎక్కించుకుని ఇంకో అమెరికా రేవులో ఊరికే దింపకూడదు. ఈ ఓడలు చాలామటుకు బహామాస్, పనామా, బెర్ముడా లాంటి పరాయి జెండాలవే. అందుకే కెనడాలో దింపుతారు. దింపుతారంటే మీ ముగ్గురికీ కెనడా వీసా ఉండాలి, వేలిముద్రలతో సహా. అమెరికా వీసా ఉంది కదా అని రేవుకి వెళ్తే అక్కణ్ణుంచే వెనక్కి పంపేస్తారు, డబ్బూ పోతుంది. అమ్మానాన్నలది ఒకసారికే పనికొచ్చే వీసానా, పదేళ్ళదా చూడు. నీ పాస్‌పోర్టులో హెచ్1బి ఉద్యోగ వీసా స్టాంపు బతికుందా, లేక చేతిలో ఆమోదం కాగితం ఒక్కటే ఉందా, మీ లాయర్ని అడుగు. తిరుగు ప్రయాణంలో అమెరికా ఇమ్మిగ్రేషన్ వాంకూవర్ ఎయిర్‌పోర్టులోనే అయిపోతుంది, అక్కడ క్యూ చాంతాడంత ఉంటుంది. పొద్దున్నే ఓడ దిగి పది గంటల విమానం అనుకోకు, మధ్యాహ్నం తరవాతది తీసుకో.

ఇప్పుడు ఫిబ్రవరి. అమ్మానాన్నలొచ్చేది ఏప్రిల్ పదిహేనుకి. మేలోగా కెనడా వీసా వస్తుందని నేను చెప్పలేను. నా మాట వింటే మే మానేసి సెప్టెంబరులో వాంకూవర్ నుంచి కిందికొచ్చే ఓడ చూడు. నెమ్మదిగా వీసా వస్తుంది, అప్పటికి వాళ్ళకి ఇక్కడి చలీ కాస్త అలవాటవుతుంది. ముందు రోజు వెళ్తే మీ అమ్మకి వాంకూవర్ కూడా చూపించొచ్చు. ఓడ లయన్స్ గేట్ వంతెన కింద నుంచి బయటికి పోతుంటే ఎడమవైపు స్టాన్లీ పార్కు చెట్లు చేతికందేటంత దగ్గరగా కనపడతాయి.

ఏ నెలైనా సరే, మీ పెదనాన్నగారి మంకీక్యాప్ బీరువాలో ఉంది, మీ నాన్నగారికి సరిపోతుంది. శనివారం భోజనానికి వచ్చి పట్టుకెళ్ళు.

దొడ్డమ్మ