పిండంలో పుట్టే రక్తం, రాణి బొమ్మ గల దీవి

రక్తకణాలు ఎముక మజ్జలో తయారవుతాయని మనమందరం బట్టీ పట్టినవాళ్ళమే. మరి ఎముకలే ఏర్పడని పిండానికి రక్తం ఎక్కడిది? బై.పి.సి. చదివే మాకు వచ్చిన ఈ సందేహమే ఈ వ్యాసం.

గర్భం మూడో వారంలో, పిండం ఆవగింజంత ఉన్నప్పుడే, దాని బయట ఉండే సొనసంచి గోడలో మొదటి రక్తకణాలు పుడతాయి. (పేరుకే సొనసంచి, కోడిగుడ్డులోలాగా ఇందులో సొన ఉండదు.) ఈ కణాలు పెద్దవి, కేంద్రకం ఉన్నవి. తర్వాత పెద్ద ధమని గోడలో మూలకణాలు పుట్టి కాలేయం చేరతాయి. చాలా నెలలు రక్తం తయారీ అక్కడే. చివరి నెలల్లో మజ్జకు బదిలీ!

హిమోగ్లోబిన్ కూడా మారుతుంది. కడుపులో బిడ్డకు ఉండేది తల్లి రక్తం నుంచి ఆక్సిజన్‌ను గట్టిగా లాక్కునే 'పిండ హిమోగ్లోబిన్'. పుట్టిన ఆరు నెలలకు అది చాలావరకు పోయి పెద్దల రకం వస్తుంది. కొందరి కష్టాలు అక్కడే మొదలవుతాయి.

కరేబియన్ సముద్రంలోని గ్రెనడా అప్పట్లో బ్రిటిష్ వలస. 1861 నుంచి అక్కడి తపాలా బిళ్ళల మీద విక్టోరియా రాణి ముఖమే. ఆమె వంశంలో హిమోఫిలియా ఉండేది. కింద పడ్డాక రక్తస్రావమై ఆమె కొడుకు లియోపోల్డ్ 1884లో చనిపోయాడు. రాజరక్తమని జబ్బు ఆగలేదు. అదే ఏడాది గ్రెనడాలో వాల్టర్ క్లెమెంట్ నోయెల్ పుట్టాడు. 1904లో దంతవైద్యం చదవడానికి ఇల్లు వదిలి షికాగో వెళ్ళి, అక్కడ జబ్బుపడి ఆసుపత్రిలో చేరాడు. అతని ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగి కనిపించాయి. 1910లో డాక్టర్ హెరిక్ ఆ సంగతి ప్రచురించాడు. సికిల్ సెల్ జబ్బుకు అదే మొదటి వైద్య వర్ణన. అందులో నోయెల్ పేరు లేదు! రాణి ముఖం ప్రతి ఉత్తరం మీదా ఉంది, ఈ విద్యార్థి పేరు మాత్రం వ్యాసంలోకి ఎక్కలేదు. చదువు పూర్తిచేసి, స్వదేశంలో దంతవైద్యుడిగా పనిచేసి, 1916లో న్యుమోనియాతో చనిపోయాడు.

ఈ జబ్బున్న పసిపాపలు మొదటి నెలల్లో బాగానే ఉంటారు. కారణం పిండ హిమోగ్లోబిన్ అని 1948లో జానెట్ వాట్సన్ సూచించింది. అది కణాలను వంగనివ్వదు. నేడు వాడే హైడ్రాక్సీయూరియా మందు పెంచేది దాన్నే. 2023లో బ్రిటన్ అనుమతించిన జన్యుచికిత్స కూడా ఆగిపోయిన ఆ తయారీని తిరిగి మొదలుపెట్టేదే.

మన ఏజెన్సీ ప్రాంతాల గిరిజన కుటుంబాల్లోనూ ఈ జబ్బు ఉంది. హాస్టల్లో ఏ తమ్ముడో, చెల్లెలో కీళ్ళనొప్పులని మాటిమాటికీ పడుకుంటే "బడి ఎగ్గొట్టే వేషాలు" అనేస్తాం. చలి, జ్వరం, నీళ్ళు తక్కువ తాగడం ఈ నొప్పిని రేపుతాయి. వాళ్ళకు దుప్పటి, నీళ్ళు ఇచ్చి డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళమని వార్డెన్ గారికి చెప్పాలి. తల్లిదండ్రులిద్దరూ ఈ జన్యువును మోసేవాళ్ళైతే, పైకి ఆరోగ్యంగానే కనిపించినా, ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. అందుకే పెళ్ళికి ముందే పరీక్ష మంచిది. 2023 జూలై 1న మొదలైన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన మిషన్‌లో 40 ఏళ్ళ లోపు వారికి ఈ పరీక్షలు చేస్తున్నారు. తొలి పరీక్షకు వేలి కొసన ఒక్క చుక్క రక్తం చాలు.