చుక్క తర్వాత ఏముందో చూశారా?

ఆఫీసులో "ఈ ఫైలు ఓపెన్ కావట్లేదండీ" అని ఎవరైనా వస్తే ముందు అడగాల్సింది ఒక్కటే: పేరు చివర చుక్క తర్వాత ఏముంది? చాలామంది చెప్పలేరు. తప్పు వాళ్లది కాదు, విండోసే ఆ తోకను దాచిపెడుతుంది. విండోస్ 11లో అయితే ఫైల్ ఎక్స్‌ప్లోరర్ తెరిచి, వ్యూలో షో అన్నచోట ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్‌కు టిక్ పెట్టండి. లేకపోతే 'బిల్లు.పీడీఎఫ్.ఈఎక్స్ఈ' అని వచ్చిన ఫైలు కూడా మీకు 'బిల్లు.పీడీఎఫ్' అనే కనిపిస్తుంది. నొక్కారా, బిల్లు తెరుచుకోదు, ఏదో ప్రోగ్రాం నడవడం మొదలవుతుంది. వాట్సాప్‌లో ఏపీకే తోకతో వచ్చే పెళ్లి శుభలేఖల సంగతీ ఇంతే. ఏపీకే అంటే ఆండ్రాయిడ్ యాప్. శుభలేఖకు యాప్ ఎందుకండీ?

తోక మార్చేస్తే ఫైలు మారిపోతుందనుకోవడం ఇంకో చిక్కు. ఐఫోన్‌లో తీసిన ఫొటో చాలాసార్లు హెచ్ఈఐసీగా ఉంటుంది. ఉద్యోగం దరఖాస్తులో జేపీజీ అడుగుతారు. పేరు చివర జేపీజీ అని దిద్ది అప్‌లోడ్ చేస్తే పేరే మారింది, లోపలి సరుకు అదే. దాన్ని ఫొటోలు చూసే ప్రోగ్రాంలో తెరిచి, సేవ్ యాజ్‌లో జేపీజీ ఎంచుకోవాలి. ఇకపై తీసే ఫొటోలకైతే ఫోన్ సెట్టింగ్స్‌లో కెమెరా, ఫార్మాట్స్, మోస్ట్ కంపాటిబుల్ పెట్టుకుంటే సరి.

తోక మారిస్తే పనయ్యే చోటూ ఒకటుంది. ఆఫీస్ 2007తో వచ్చిన డీఓసీఎక్స్ నిజానికి జిప్ మూటే. వర్డ్ రిపోర్టుకు ఒక కాపీ తీసి, తోక జిప్ అని మార్చి తెరవండి. వర్డ్ ఫోల్డర్‌లో మీడియా అనే చోట అందులోని ఫొటోలన్నీ విడివిడిగా దొరుకుతాయి.

అసలు నష్టం మాత్రం ఫైలు చక్కగా తెరుచుకున్నప్పుడే జరుగుతుంది. జీతాల జాబితా సీఎస్‌వీగా వస్తుంది. అది ఉత్త అక్షరాల ఫైలు, నోట్‌ప్యాడ్‌లోనూ తెరుచుకుంటుంది. డబుల్ క్లిక్ చేస్తే మామూలుగా ఎక్సెల్‌లోకి వెళ్తుంది. ఎక్సెల్ ఖాతా నంబరును కూడా లెక్కలోని అంకె అనుకుని ముందున్న సున్నాలు తీసేస్తుంది. పదహారంకెల ఖాతా అయితే పదిహేను అంకెలే నిలబెట్టుకుని చివరిదాన్ని సున్నా చేస్తుంది. అలాగే సేవ్ కొట్టి బ్యాంకుకు పంపితే జీతాలు వెనక్కొస్తాయి, లేదా వేరేవాళ్ల ఖాతాలో పడతాయి. అందుకే ముందు ఖాళీ ఎక్సెల్ తెరిచి, డేటా ట్యాబ్‌లో ఫ్రమ్ టెక్స్ట్/సీఎస్‌వీ ద్వారా ఫైలు తెచ్చుకోండి. లోడ్ నొక్కేముందు ట్రాన్స్‌ఫార్మ్ డేటాలోకి వెళ్లి ఖాతా నంబర్ల కాలమ్‌ను టెక్స్ట్‌గా మార్చండి. ఇప్పటికే సేవ్ చేసేసి ఉంటే ఆ ఫైల్లో పోయిన అంకెలు తిరిగి రావు, మెయిల్లో వచ్చిన ఒరిజినల్‌ను మళ్లీ డౌన్‌లోడ్ చేసుకోవాల్సిందే.